మాస్టారి నాలుగు కుర్చీలు

గుంటూరులో మాస్టారి సోషల్ సైకాలజీ ప్రాక్టికల్స్ అనగానే ముందు కళ్లముందుకొచ్చేవి నాలుగు ఇనుప మడత కుర్చీలు. గది మధ్యలో, ఎవరి మొహం ఎవరికైనా కనపడేలా, నేల మీద చాక్‌పీసుతో గీసిన గుర్తుల్లో వేసేవాళ్లు. కుర్చీ కాలు గుర్తు దాటి జానెడు జరిగినా ఆయన ఒప్పుకునేవారు కాదు. "పక్కవాడి మొహం కనపడకపోతే అది వేరే ప్రయోగమైపోద్దయ్యా, మన లెక్కలోకి రాదు" అని స్వయంగా వచ్చి సర్దేవారు.

ఉద్యోగ జీవితమంతా ఆయన తవ్వింది రెండే విషయాలు. నలుగురు కలిసి కూర్చుంటే ఆలోచనలు పెరుగుతాయా తగ్గుతాయా అన్నది ఒకటి. మనవాళ్లు, పైవాళ్లు అనే గీత మనిషి మనసులో ఎంత తేలిగ్గా పడుతుందన్నది రెండోది. పుస్తకాల్లో ఇవి వేర్వేరు అధ్యాయాలు. పరీక్షల్లోనూ వేర్వేరు ప్రశ్నలే. ఆయన మాత్రం రెండింటినీ ఒకే ప్రశ్నగా చూశారు: నోటిదాకా వచ్చిన మాట ఎవరి ముందు బయటికొస్తుంది, ఎవరి ముందు మింగుడుపడుతుంది? దాన్ని కొలవడానికి ఆయన ఎంత శ్రమ పడేవారో, ఎక్కడెక్కడ చెడిపోయేదో ఇప్పుడు ప్రాక్టికల్స్ చేయించే పిల్లలకు తెలియాలి. ఈ రాత అందుకే.

కథ అమెరికాలో అడ్వర్టైజింగ్ రంగంలో పనిచేసిన అలెక్స్ ఆస్‌బర్న్‌తో మొదలవుతుంది. 1953లో ఆయన రాసిన పుస్తకంతో బ్రెయిన్‌స్టార్మింగ్ అనే పద్ధతికి ప్రచారం వచ్చింది. మన పత్రికలు తర్వాత దీన్నే మేధోమథనం అన్నాయి. అందులోని నాలుగు సూత్రాలనూ మాస్టారు తెలుగులో ఇలా చదివించేవారు: వంక పెట్టొద్దు, ఎంత విడ్డూరమైనా చెప్పెయ్, ఎన్ని ఎక్కువైతే అంత మేలు, పక్కవాడు చెప్పినదానికి కొసరు కలుపు. గుంపులో కూర్చుంటే మనిషి ఒంటరిగా ఆలోచించే దానికి రెట్టింపు ఆలోచనలు చేస్తాడని ఆస్‌బర్న్ గట్టిగా నమ్మాడు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే ముగ్గురు దాన్ని పరీక్షకు పెట్టారు. 48 మందిని నలుగురేసి చొప్పున 12 గుంపులుగా కూర్చోబెట్టారు. ఇంకో 48 మందికి అదే పని ఒంటరిగా ఇచ్చి, తర్వాత వాళ్ల జాబితాలను నాలుగేసి కలిపి 12 నామమాత్రపు గుంపులు తయారుచేశారు. ఒంటరివాళ్ల జాబితాలు కలిపితే వచ్చినవే దాదాపు రెట్టింపున్నాయి.

ఈ ప్రయోగం మొత్తంలో తెలివంతా ఆ నామమాత్రపు గుంపులోనే ఉంది. నలుగురి గుంపును ఒక్క మనిషితో పోలిస్తే గుంపే గెలుస్తుంది, అందులో వింతేమీ లేదు. నలుగురిని నలుగురితోనే పోల్చాలి. సరిగ్గా అక్కడే కొత్తవాళ్ల చేతిలో పని చెడేది. నాలుగు జాబితాలను ఊరికే కూడేస్తే నామమాత్రపు గుంపుకు లేని బలం వస్తుంది. నలుగురూ రాసిన ఒకే ఆలోచనను ఒక్కసారే లెక్కపెట్టాలి. ఎవరెవరిని కలిపి గుంపు కట్టాలన్నది కూడా ప్రయోగానికి ముందే చీటీలు తీసి, కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించేవాళ్లం. జాబితాలు చూశాక గుంపులు కడితే చెయ్యి తెలియకుండానే మంచి జాబితాల వైపు పోతుంది.

మాస్టారు చేయించే కొలత ఇది: 48 మంది విద్యార్థులు, 24 మందితో ఆరు నిజమైన గుంపులు, మిగతా 24 మందితో ఆరు నామమాత్రపువి, ఒక్కో సమస్యకు 12 నిమిషాలు. యేల్ వాళ్లు ఇచ్చిన సమస్యల్లో అమెరికాకు యూరప్ యాత్రికులను ఎక్కువగా రప్పించడం ఎలా అన్నది ఒకటి, మనిషి చేతికి ఇంకో బొటనవేలుంటే లాభనష్టాలేమిటన్నది ఒకటి. బొటనవేలి ప్రశ్నను అలాగే ఉంచారు. యాత్రికుల ప్రశ్న మాత్రం మన పిల్లలకు అంటలేదు. దాని బదులు, పుష్కరాలకు బెజవాడ వచ్చే జనం ఇబ్బంది పడకుండా ఏమేం చెయ్యొచ్చో చెప్పమన్నారు. 1992లో, మళ్లీ 2004లో కృష్ణా పుష్కరాలు వచ్చాయి కాబట్టి దుర్గాఘాట్ మెట్ల దగ్గర రద్దీ ఎట్లా ఉంటుందో అందరికీ కళ్లకు కట్టినట్టు తెలుసు. సమస్య తెలిసినదై ఉండాలి గానీ ఒకే జవాబున్నదై ఉండకూడదని ఆయన నియమం.

ఇక లెక్కింపు. అసలు శ్రమంతా ఇక్కడే. "మంచినీళ్లు ఇవ్వాలి", "చలివేంద్రాలు పెట్టాలి" అన్నవి ఒక ఆలోచనా, రెండా? దీనిమీద ఒక పూట చర్చ జరిగిన సందర్భముంది. చివరికి తేలిన సూత్రం: ఆ మాట ప్రకారం పని మొదలుపెట్టబోయేవాడికి రెండు వాక్యాలూ వేర్వేరు పనులు పురమాయిస్తే రెండు, లేకపోతే ఒకటి. మంచినీళ్లు ఇవ్వడమంటే ఎవరు, ఎక్కడ, ఎట్లా అన్నది లేదు. చలివేంద్రమంటే చోటుంది, పందిరుంది, కుండ ఉంది, మనిషి ఉన్నాడు. కాబట్టి ఒకే జాబితాలో రెండూ వస్తే చలివేంద్రం నిలుస్తుంది, మంచినీళ్లు దాంట్లో కలిసిపోతాయి. ఇలాంటి తీర్పులన్నీ తేదీ వేసి ఒక పొడుగు పుస్తకంలో రాయించేవారు. తీర్పు మారితే పాతదాన్ని కొట్టెయ్యకుండా కింద కొత్తది రాసి, అప్పటిదాకా లెక్కించినవన్నీ మళ్లీ మొదట్నుంచి లెక్కించాలి. విసుగొచ్చే పనే. కానీ ఈ విసుగును దాటేసిన లెక్కల మీద ఏ సిద్ధాంతమూ నిలబడదు.

లెక్కించేవాళ్లు ఇద్దరుండాలి. వాళ్ల చేతిలో ఉన్నది ఏ రకం గుంపు జాబితానో వాళ్లకు తెలియకూడదు. ఇక్కడో చిక్కుంది. నిజమైన గుంపు జాబితా ఒకే దస్తూరీలో ఉంటుంది, నామమాత్రపుది నాలుగు దస్తూరీల్లో ఉంటుంది. చూడగానే దొరికిపోతుంది. అందుకని వేరే మనిషి చేత అన్నింటినీ ఒకే చేత్తో, ఒకే కొలత చీటీల మీద, చీటీకి ఒక ఆలోచన చొప్పున తిరగరాయించి, పేకముక్కల్లా కలిపి ఇచ్చేవారు. ఇద్దరి లెక్కకూ ఎంత పొత్తు కుదిరిందో కోహెన్ కప్పా అనే కొలతతో చూసేవాళ్లం. వట్టి శాతం చూసి మురిసిపోకూడదు, గుడ్డిగా గుర్తులు పెట్టినా కొంత పొత్తు దానంతటదే కుదురుతుంది.

టేప్‌రికార్డరు ఇంకో తలనొప్పి. నలుగురి మధ్య ఒకటే మైకు. పైన సీలింగ్ ఫ్యాను. క్యాసెట్ వింటే ఫ్యాను రొదే తప్ప మాట వినపడదు. ఫ్యాను ఆపితే ఉక్క. ఉక్కలో 12 నిమిషాలు కూర్చున్న గుంపు చెప్పే ఆలోచనల్లో గుంపు ప్రభావమెంతో, చెమట ప్రభావమెంతో విడదీయలేం. అందుకే మాస్టారి ప్రాక్టికల్స్ నవంబరు నుంచి సంక్రాంతి సెలవుల లోపే, పొద్దున 8 నుంచి 10 మధ్యే. మిర్చి సీజను ముదిరి యార్డుకు లారీలు బారులు తీరే రోజులొచ్చేసరికి కొత్త డేటా తీయడం ఆపేసి, లెక్కల్లో కూర్చునేవారు. కరెంటు కోతల కోసం బ్యాటరీలు విడిగా ఉంచేవారు, ప్రతి సిటింగుకూ ముందు మార్చాల్సిందే. బ్యాటరీ నీరసిస్తే టేపు నెమ్మదిగా తిరుగుతుంది, తర్వాత వినేటప్పుడు ఏ నిమిషంలో ఏ మాట వచ్చిందో తప్పు చూపిస్తుంది.

లెక్కల్లో ఆయన అస్సలు క్షమించని తప్పు ఒకటుంది. ఆరు గుంపుల్లో 24 మంది ఉన్నారు కదా అని 24 లెక్కలు వేసేవాళ్లు. ఒక గుంపులోని నలుగురూ ఒకరి మాట ఒకరు విన్నవాళ్లు, వాళ్ల అంకెలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. కాబట్టి గుంపుకు ఒకే అంకె. అటు ఆరు, ఇటు ఆరు, రెండు సగటుల మధ్య తేడా నిజమైనదేనా అని చూసే టి-టెస్టుకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే స్వతంత్రంగా లెక్కకొచ్చే అంకెలు, 10. మనుషుల్ని లెక్కేసుకుంటే అది 46 అవుతుంది, లేని తేడా ఉన్నట్టు కనపడుతుంది. తర్వాతి కాలంలో కంప్యూటర్లొచ్చి మనుషుల్నీ వాళ్ల గుంపుల్నీ కలిపి లెక్కించే బహుళ అంతస్తుల విశ్లేషణలు తేలికయ్యాయి. అయినా ఎన్ని గుంపులున్నాయి అన్నదే మొదటి ప్రశ్నని ఆయన చెప్పిన మాట ఈ రోజుకీ తిరుగులేనిది.

గుంపులో ఆలోచనలెందుకు తగ్గుతాయి? మొదటి కారణం మన సామెతలోనే ఉంది: మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. తాడు లాగేవాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు 1913లో ప్రచురించాడు. 1979లో లటానే బృందం చప్పట్లతో, కేకలతో అదే చూపించింది. రెండో కారణం, వంక పెట్టొద్దని ఎంత చెప్పినా ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న జంకు. మూడోదాన్ని జర్మనీలోని ట్యూబింగెన్‌లో డీల్, స్ట్రోబ అనే ఇద్దరు 1987లో బయటపెట్టారు. ఒకరు మాట్లాడుతుంటే ముగ్గురు ఆగాలి. ఆగినంతసేపూ తమ మాటను మరిచిపోకుండా పట్టుకోవాలి. పట్టుకుని కూర్చున్నవాడికి కొత్త మాట తట్టదు, కొత్తది తట్టినవాడికి పాతది జారిపోతుంది. వాళ్లు మనుషుల్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లకు ఎర్రదీపం వెలిగే ఏర్పాటు చేశారు. పక్కన మనిషి లేడు, జంకడానికి మొహం లేదు. అయినా ఎర్రదీపం దగ్గర ఆగాల్సి వచ్చినవాళ్ల ఆలోచనలు బాగా పడిపోయాయి. నష్టంలో పెద్దవాటా ఆ ఆగడానిదేనని తేలింది.

మాస్టారు ఆ యంత్రాన్ని చెక్కపెట్టెలో కట్టించారు. నాలుగు స్విచ్చులు, ఎరుపు జీరో వాట్ బల్బులు నాలుగు, పచ్చవి నాలుగు. మాట్లాడేవాడు స్విచ్చి నొక్కిపెడితే మిగతా ముగ్గురి ముందు ఎరుపు. మాట అయ్యాక చాలామంది వేలు తీయడం మరిచిపోయేవాళ్లు. ట్యూబింగెన్‌లో మాట చప్పుడుకే పనిచేసే ఏర్పాటుంది. ఇక్కడ స్విచ్చికి స్ప్రింగు బిగించి, వేలు తీయగానే దానంతటదే పైకి లేచేలా చేశాక గానీ డేటా వాడదగ్గదిగా రాలేదు.

టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలోని పాల్ పౌలస్ పరిశోధనలంటే ఆయనకు ప్రత్యేక గౌరవం. పౌలస్, జిండోలెట్ 1993లో ఇంకో కారణం చూపించారు. గుంపులోవాళ్లు ఒకరి వేగానికి ఒకరు సర్దుకుంటారు. మొదట్లో నెమ్మదిగా నడిచిన గుంపు చివరిదాకా ఆ నడకే నడుస్తుంది. నలుగురితో నారాయణ అన్నమాట. అందుకే మాస్టారు మొత్తం అంకె ఒక్కటే కాకుండా నిమిషానికెన్నో విడిగా గీయించేవారు. మొదటి మూడు నిమిషాల గీత చూసి మిగతా తొమ్మిదింటినీ అందాజా కట్టమనేవారు. ఇంకా విచిత్రమేమంటే, గుంపులో కూర్చున్నవాళ్లే తాము ఎక్కువ చేశామనుకుంటారు. పక్కవాడు చెప్పింది తనకూ తట్టినట్టే ఉంటుంది. కమిటీలు ఇంకా నడుస్తుండటానికి ఇదీ ఒక కారణం కాబోలు.

మందులు కూడా ఉన్నాయి. 1968లో జర్మనీలో రోర్‌బాఖ్ ప్రచురించిన 6-3-5 పద్ధతిని మాస్టారు అన్నింటికంటే ఎక్కువగా వాడించేవారు. ఆరుగురు, ఒక్కొక్కరు మూడేసి ఆలోచనలు, అయిదు నిమిషాలు. కాగితం కుడిపక్కకు పోతుంది. ఆరు విడతలయ్యేసరికి అరగంటలో 108 గళ్లు నిండుతాయి. ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు, పక్కవాడి ఆలోచనకు కొసరు కలిపే అవకాశం పోదు. బ్రాడీపేటలో సైక్లోస్టైల్ చేయించిన కాగితాలు, మూడు నిలువు గళ్లు, ఆరు అడ్డ వరసలు. చెడేది ఎక్కడంటే, రాత నెమ్మదైనవాడి దగ్గర కాగితాలు పోగుపడతాయి, అతను కంగారుపడి ఏదో ఒకటి గీకేస్తాడు. గంట కొట్టేదాకా కాగితం కదపొద్దని, ఖాళీ గడి తప్పు కాదని ముందే చెప్పాలి. ఇంకో జాగ్రత్త: పై వరసల్లో రాసింది చదవడానికే అయిదో విడతనుంచి టైము సరిపోదు. చివరి రెండు విడతలకు ఏడేసి నిమిషాలిచ్చి, ఆ సంగతి రికార్డులో రాయించేవారు.

ఈ రాతపద్ధతి దగ్గరే ఆయనకు రెండు దారులూ కలిశాయి. నోటితో చెప్పే గుంపుల్లో ఇద్దరు తెలుగు మీడియం, ఇద్దరు ఇంగ్లిష్ మీడియం పిల్లలుంటే, ప్రశ్న తెలుగులో చదివి వినిపించినా కాసేపటికి మాటలు ఇంగ్లిష్‌లోకి జారేవి. తెలుగు మీడియం పిల్లల గొంతు సన్నబడేది. అదే పిల్లల చేతికి చీటీ ఇస్తే రాసేవాళ్లు. ముగ్గురు ఇంగ్లిష్ మీడియం పిల్లల మధ్య ఒక్కడే అయినప్పుడు ఈ తేడా మరీను. ఆలోచన లేక కాదు, ఎదురుగా ఉన్నవాళ్లు తనవాళ్లు కారనుకోవడం వల్ల మాట ఆగింది. ఆ తర్వాత ఆయన ఏ గుంపు ఎవరితో కట్టారో రాయని నివేదికను ముట్టుకోలేదు.

మన జిల్లాల్లో ఇంకో విషయముంది, ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల్లో కనపడదు. ఇంటిపేరు వినగానే చాలామంది కులం పోల్చుకుంటారు. హాజరుపట్టీ చదివితే చాలు, గది నాలుగు ముక్కలవుతుంది. కాబట్టి పేర్లు పిలవడముండేది కాదు. అందరికీ మూడంకెల కోడు, కోడు చీటీ గుమ్మం దగ్గరే డబ్బాలోంచి తీసుకోవాలి. ఎవరిష్టం వచ్చినచోట వాళ్లు కూర్చుంటే ఊళ్లవారీగా, హాస్టలు గదులవారీగా కూర్చుంటారు, అందుకని కుర్చీ నంబరు కూడా చీటీలోనే.

సోషల్ సైకాలజిస్టు హెన్రీ టాజ్‌ఫెల్ గురించి చెప్పేటప్పుడు మాస్టారి గొంతు మారేది. 1919లో పోలండ్‌లో యూదుల ఇంట పుట్టినవాడు, ఫ్రెంచి సైన్యంలో చేరి జర్మన్లకు యుద్ధఖైదీగా చిక్కి బతికాడు, తిరిగొచ్చేసరికి ఇంటివాళ్లలో దాదాపు ఎవరూ మిగల్లేదు. మనిషి పగ పెంచుకోవడానికి ఎంత చిన్న గీత చాలునన్న ప్రశ్న అక్కణ్నుంచి వచ్చిందని ఆయన అనేవారు. 1970లో వచ్చిన ప్రయోగంలో 14, 15 ఏళ్ల 64 మంది బ్రిస్టల్ కుర్రాళ్లకు చుక్కల గుంపులు చూపించి ఎన్నున్నాయో అంచనా వెయ్యమన్నారు. తర్వాత కొందరిని ఎక్కువ అంచనా వేసేవాళ్లని, కొందరిని తక్కువ వేసేవాళ్లని విడదీశారు. నిజానికి ఆ విభజన లాటరీ. తనకు కాకుండా, పేరు తెలియని ఇద్దరికి పాయింట్లు పంచమంటే ఎక్కువమంది తమ గుంపు వైపే మొగ్గారు.

అసలు విషయం ఆ పంపకాల పట్టీలో ఉంది. ఆ వరస ప్రయోగాల్లోనే తర్వాతిదానిలో వాడిన ఒక పట్టీలో 13 గళ్లు. పై వరసలో 7 నుంచి 19 దాకా, కింది వరసలో 1, 3, 5 అని 25 దాకా. పై వరస మనవాడిదనుకుందాం. చివరి గడి ఎంచితే మనవాడికి 19 వస్తాయి, కానీ అవతలి గుంపువాడికి 25. మధ్య గడిలో చెరి 13. మొదటి గడిలో మనవాడికి 7, అవతలివాడికి 1. మనవాడికి మేలు చేయడమే ఉద్దేశమైతే చివరి గడి ఎంచాలి. కానీ మొదటి గడి వైపు లాగే బలం కనపడింది. అంటే మనవాడికి నష్టమొచ్చినా సరే, తేడా మనవైపు ఉండాలి. ఆ పట్టీని బోర్డు మీద గీసి మాస్టారు వెనక్కి జరిగి నిలబడేవారు, క్లాసులో చప్పుడుండేది కాదు.

దీన్ని మనదగ్గర చేయించడానికి ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు వాడారు. చుక్కల షీటు పెట్టి, దీపానికి అట్టముక్క అడ్డం ఉంచి, ఒకటి అనుకునేలోపు తీసి మళ్లీ పెట్టాలి. ఆలస్యమైతే పిల్లలు లెక్కపెట్టేస్తారు, తాము ఎక్కువ అంచనా వేయలేదని వాళ్లకే తెలిసిపోతుంది, విభజనను నమ్మరు. గుంపులకు పేర్లు పెట్టడం అంతకంటే కష్టం. బ్రాడీపేట, అరండల్‌పేట అంటే అప్పటికే పౌరుషాలున్నాయి. రంగులు పెడదామంటే పసుపు, ఎరుపు, కాషాయం, ఆకుపచ్చ, దేన్ని ముట్టుకున్నా ఏదో ఒక పార్టీ జెండా. సినిమా హీరోల సంగతి చెప్పనే అక్కర్లేదు. చివరికి చుక్కల అంచనాను బట్టి ఎక్కువవాళ్లు, తక్కువవాళ్లు అన్న పేర్లే మిగిలాయి. అయిపోగానే అందర్నీ కూర్చోబెట్టి, అది లాటరీ అని చీటీలు చూపించి చెప్పందే ఎవర్నీ బయటికి పోనిచ్చేవారు కాదు. అబద్ధపు గీతైనా సరే, దాన్ని తుడవకుండా పిల్లల్ని ఇంటికి పంపడం తప్పని ఆయన పట్టుదల.

గీతను ఎలా చెరపాలన్నదానికి ఆయన సోషల్ సైకాలజిస్టు ముజఫర్ షరీఫ్ ప్రయోగం దగ్గరికి వెళ్లేవారు. 1954లో అమెరికాలోని ఒక్లహోమాలో ఆయన నడిపిన వేసవి శిబిరంలో 22 మంది పిల్లలు రెండు జట్లుగా కొట్టుకునేదాకా వచ్చారు. కలిపి భోజనం పెడితే ఎంగిలి మెతుకులు విసురుకున్నారు. నీళ్లు ఆగిపోయినప్పుడు, లారీ కదలనప్పుడు మాత్రం కలిశారు. అంతకుముందు ఒకరిమీద ఒకరు పోటీపడి లాగిన తాడుతోనే అందరూ కలిసి ఆ లారీని లాగారు. ఊరికే పక్కపక్కన కూర్చోబెట్టడం చాలదు. సమానమైన హోదా, ఒకే గమ్యం, చేయీ చేయీ కలిపే పని, పెత్తనం చేసేవాళ్ల మద్దతు ఉండాలని అదే ఏడాది ఆల్‌పోర్ట్ రాశాడు. పెటిగ్రూ, ట్రాప్ 2006లో 515 పరిశోధనలను కలిపి చూసి, కలయిక వల్ల సాధారణంగా ద్వేషం తగ్గుతుందని, ఈ నాలుగూ ఉంటే ఇంకా బాగా తగ్గుతుందని తేల్చారు.

క్లాసులో దాన్ని జిగ్‌సా పద్ధతిగా దించారు. ఆరన్‌సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టింది అది. పాఠాన్ని ఆరు ముక్కలు చేసి ఆరుగురికీ తలా ఒకటి ఇవ్వాలి. ఒకే ముక్క వచ్చినవాళ్లు ముందు 15 నిమిషాలు కలిసి చదువుకుని, మళ్లీ సొంత జట్టుకొచ్చి మిగతా అయిదుగురికీ చెప్పాలి. ఎవరి ముక్క వాళ్లు చెప్పకపోతే పరీక్ష రాయలేరు, కాబట్టి తెలుగు మీడియం పిల్లవాడి మాటను ఇంగ్లిష్ మీడియం పిల్ల ఆగి, అడిగి వినాల్సిందే. ఒకడు సెలవు పెడితే ముక్క పోతుంది, కాబట్టి ప్రతి ముక్కకూ ఒక అదనపు మనిషి సిద్ధంగా ఉండాలి. చెప్పేవాడు కాగితం చూసి చదివేస్తే పని జరగదు, చదువుకున్నాక కాగితాలు వెనక్కి తీసేసుకోవాలి.

ఈ పరిశోధనలన్నీ ఇక్కడికి చేరిన తీరు ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది. అచ్చయిన వ్యాసం విడి ప్రతి, అంటే రీప్రింటు, పంపమని రచయితకు ఒక పోస్టుకార్డు. నెలలు గడిచాక గోధుమరంగు కవరు. వచ్చినదానికి తేదీ వేసి, అట్ట కట్టి, అడిగిన పిల్లలకిచ్చేవారు. బెజవాడ ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో, జనవరిలో స్వరాజ్ మైదానం పుస్తక ప్రదర్శనలో ఆయన చేతిసంచి ఎప్పుడూ బరువుగానే ఉండేది.

చివరి సంవత్సరాల్లో ఆయన డేటా షీటుకు ఇంకో గడి చేర్చారు. పైన తెలుగులో "తెరిచి మూసినవి" అని రాసి ఉండేది. మాట్లాడబోయి ఆగిపోయిన ప్రతిసారీ ఒక గీత. ఊపిరి తీసుకోవడం, పెదవి కదలడం, చెయ్యి కాస్త లేవడం, ఈ మూడింటిలో రెండు కలిసి కనపడి, మూడు సెకన్లలో మాట రాకపోతేనే గీత పెట్టాలి. దగ్గు, ఆవలింత లెక్కలోకి రావు. ఇద్దరు పరిశీలకులు ఎదురెదురు మూలల్లో కూర్చుంటారు, ఒక్కొక్కరికి రెండు కుర్చీలే అప్పగింత, నలుగురినీ చూడబోతే ఇద్దరు తప్పిపోతారు. ఆరేడు నిమిషాలకు కళ్లు అలసిపోతాయి కాబట్టి ఆరో నిమిషంలో పరిశీలకులు మారాలి, మారేటప్పుడు కుర్చీ చప్పుడు కాకూడదని కాళ్లకు పాత సైకిలు ట్యూబు ముక్కలు తొడిగించారు. మొదటి మూడు సిటింగుల గీతలు పారేయాలి, పరిశీలకుల కన్ను కుదురుకోవడానికే అవి సరిపోతాయి. తర్వాత ఆ గీతల్ని తీసుకెళ్లి, ఆ నిమిషంలో ఎదురుగా మాట్లాడుతున్నది ఎవరో టేపు విని పక్కన కోడు రాయాలి.